మునిగాక మిగిలింది ఎవరిది? (మా ఇంటి బీమా కథ)

2021 నవంబరులో పెన్న పొంగి మా ఇంట్లోకి మోకాటిలోతు నీళ్ళొచ్చాయి. నేను బెంగుళూరులో టీవీ ముందు కూర్చుని పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోవడం చూస్తున్నాను. ఎప్పటికో ఫోను కలిసింది. మా నాయన అన్న మొదటి మాట: "ఇన్సూరెన్సు ఉండాదిగా అబ్బయా, నువ్వేం దిగులు పడబాకు."

నిజమే, ఉంది. ఇంటి లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్ళే చేశారు. పదేళ్ళ ప్రీమియం ఒకేసారి లోనులో కలిపేశారు. ఆ కాగితం నేను ఎన్నడూ పూర్తిగా చదవలేదు. రోజంతా వేరేవాళ్ళ కోడ్‌లో తప్పులు వెతికి జీతం తీసుకునేవాణ్ణి, నా ఇంటికి సంబంధించిన నాలుగు పేజీలు చదవలేకపోయాను. చివరికి నష్టం 4 లక్షలైతే, లెక్కలు తేలాక వచ్చింది లక్షా అరవై ఆరు వేల చిల్లర. అది కూడా మా చేతికి రాలేదు. ఎందుకలా అయిందో తెలుసుకుందామని మొదలుపెడితే ఎక్కడెక్కడికో వెళ్ళాల్సి వచ్చింది. కాస్త పెద్ద టపా, ఓపిక పట్టండి.

ముందు ఊరి సంగతి. అడిగినవాళ్ళకి మాది ఇందుకూరుపేట అని చెప్తాం. నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి పోయే దారిలో వస్తుంది. అసలు మా పల్లె ఆ మండలంలోనే, పెన్న పొర్లుకట్టకి దగ్గర్లో ఉంది. చరిత్ర పుస్తకాల్లో మా మండలానికి చోటు దొరికేది పల్లెపాడు వల్ల. 1921లో గాంధీ గారు ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం అక్కడే ఉంది. పెన్న సముద్రంలో కలిసేది కూడా మాకు దగ్గర్లోనే, ఊటుకూరు దగ్గర. అంటే ఒకపక్క ఏరు, ఒకపక్క సముద్రం. ఏ పక్కనుంచి వచ్చినా నీళ్ళు మాకు కొత్త కాదు.

1984 నవంబరులో తుఫాను మాకు దక్షిణాన శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. 1989 నవంబరులో ఇంకోటి ఉత్తరాన కావలి దగ్గర దాటింది. దాని పేరు 'గే'. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, బంగాళాఖాతం అంతా దాటి మన దగ్గరికే వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ. 2015లో వానలు, వరద. 2021లో సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు పెన్న.

1989లో నేను నాలుగో తరగతి. మాది అప్పుడు పెంకుటిల్లు. రాత్రి గాలికి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే అమ్మ మమ్మల్ని మంచం కింద పడుకోబెట్టింది. తెల్లారి చూస్తే పైన ఆకాశం! అప్పుడు మాకు బీమా అనే మాటే తెలియదు. రెండో రోజు మా మేనమామ ట్రాక్టరు నిండా పెంకులు వేసుకుని వచ్చాడు. నాయన చీటీ పాట పాడి కొంత తెచ్చాడు. అమ్మ గాజులు కుదవకి వెళ్ళాయి. మా ఇంటి బీమా కంపెనీ అదే. మామయ్య సర్వేయరు, చీటీ సంఘం బ్రాంచి, గాజులు రిజర్వు ఫండు అన్నమాట. ఒకటే చిక్కు: తుఫాను మామయ్య ఊరికి కూడా వస్తే ఆ కంపెనీ దివాళా. ప్రమాదాన్ని దూరాన ఉన్నవాళ్ళతో కూడా పంచుకోవాలన్న అవసరం అక్కడే పుడుతుంది. బీమా అంటే మూలంలో ఇంతే.

సరే, చరిత్రలోకి వెళ్దాం.

ఎక్కువమంది ఇంటి బీమా చరిత్రని లండన్‌తో మొదలుపెడతారు. నేను మా తీరంలోనే మొదలుపెడతాను. నెల్లూరు నుంచి తీరం వెంబడే ఉత్తరానికి పోతే చినగంజాం దగ్గర మోటుపల్లి వస్తుంది. ఒకప్పుడు పెద్ద రేవు. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. అభయ శాసనం అంటారు. అందులో సంగతి ఇది: వెనకటి రాజులు తుఫానుకి దారితప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవాళ్ళు. ఇకనుంచి నేనలా చెయ్యను, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాది మీదే అని వర్తకులకి మాటిచ్చాడు.

ఇది బీమా కాదు, ఒప్పుకుంటాను. రాజు ఓడ నష్టం పూడ్చలేదు. కానీ బీమాలో అసలైన ప్రశ్న అక్కడుంది. మునిగాక మిగిలినదాని మీద మొదటి హక్కు ఎవరిది? మునిగినవాడిదా, ఒడ్డున నిలబడ్డవాడిదా? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మా ఇంటి దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు లండన్. 1666 సెప్టెంబరులో నగరం తగలబడి పదమూడు వేలకు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. ఆ తర్వాత నికొలస్ బార్బన్ అనే ఆయన 1680-81 ప్రాంతంలో ఇళ్ళకి అగ్ని బీమా ఆఫీసు తెరిచాడు. ఈయన వైద్యం చదివి, తర్వాత ఇళ్ళు కట్టి అమ్మే వ్యాపారంలోకి దిగిన మనిషి. ఇటుక ఇంటికి ఒక రేటు, చెక్క ఇంటికి దానికి రెట్టింపు. బీమా ఉన్న ఇళ్ళకి లోహపు బిళ్ళ కొట్టేవాళ్ళు, కంపెనీకి సొంత అగ్నిమాపక దళం ఉండేది. గమనించాల్సింది ఏమిటంటే, ఇంటి బీమా పుట్టింది నిప్పు భయంతో. నీళ్ళు దాని జాతకంలో లేవు, తర్వాత చేర్చారు. ఇప్పటికీ ఆ శాఖని 'ఫైర్' డిపార్ట్‌మెంట్ అనే అంటారు. వరదలో మునిగిన మా ఇంటి క్లెయిము కూడా ఫైర్ క్లెయిము కిందే నమోదైంది. నాయనకి ఆ మాట చెప్తే "మునిగింది నీళ్ళల్లో గదరా, నిప్పెందుకొచ్చింది?" అని నవ్వాడు.

మన దేశంలో మొదటి సాధారణ బీమా కంపెనీ 1850లో కలకత్తాలో పెట్టిన ట్రైటన్. ఇంగ్లీషు వాళ్ళది. భారతీయులు అన్ని రకాల సాధారణ బీమా చేసే కంపెనీ పెట్టింది 1907లో, ఇండియన్ మర్కంటైల్. వీళ్ళ లెక్కలో ఉన్నవి ఓడలూ, గిడ్డంగులూ, ప్రత్తి బేళ్ళూ. పల్లెటూరి పెంకుటిల్లు ఎవరి లెక్కలోనూ లేదు.

తెలుగు నేల మీద బ్యాంకూ బీమా పక్కపక్కన పెరిగింది మచిలీపట్నంలో. 1864 నవంబరు తుఫానుకి ఉప్పెన ఆ ఊరిని ముంచేసింది. సుమారు 30 వేలమంది పోయారు. ఆ ఊళ్ళోనే డాక్టరు వృత్తి చేసుకునే భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. రెండేళ్ళకి, 1925లో, ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. కాకపోతే అది జీవిత బీమా. మనిషి పోతే కుటుంబానికి డబ్బొస్తుంది. ఇల్లు పోతే? ఉప్పెన చూసిన ఊళ్ళో కూడా ఇంటి బీమా సామాన్యుడి దాకా రాలేదు. అప్పట్లో ఇల్లు పోతే మళ్ళీ కట్టుకునేవాళ్ళు, ఎలాగూ మట్టీ తాటాకే కదా. 1956లో జీవిత బీమా జాతీయం అయింది, ఎల్.ఐ.సి. వచ్చింది. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయం అయి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

సాధారణ బీమా జాతీయం అయింది 1973 జనవరి 1 నుంచి. 107 కంపెనీలని కలిపి నాలుగు చేశారు: నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, మద్రాసు కేంద్రంగా యునైటెడ్ ఇండియా. నాలుగూ ప్రభుత్వానివే, రేటు ఒకటే, దాన్ని టారిఫ్ అనేవాళ్ళు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత తీరమంతా తుఫాను షెల్టర్లు కట్టారు, పక్కా ఇళ్ళ పథకాలు వచ్చాయి. ఇది గొప్ప పనే. ప్రాణాలు కాపాడింది. కానీ ఇంటి విలువని కాపాడే పని మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. పోయిన ఇంటికి ప్రభుత్వం ఇచ్చేది సాయం, పరిహారం కాదు. ఈ తేడా చాలామందికి పట్టదు. 2021లో అమల్లో ఉన్న విపత్తు సాయం నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా పోతే 95,100 రూపాయలు, కొంత దెబ్బతింటే 5,200. 2022లో వాటిని 1,20,000, 6,500 చేశారు. 5,200 పెడితే మా ఇంట్లో బురద ఎత్తిపోయించడానికి కూడా చాలలేదు.

బ్యాంకు ఇంటి బీమాలోకి ఎలా వచ్చింది? ఇంటి అప్పు ద్వారా వచ్చింది. 1977లో హెచ్.డి.ఎఫ్.సి. మొదలైంది, 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు. 1990ల చివర నుంచి బ్యాంకులన్నీ ఇంటి లోన్ల మీద పడ్డాయి. 1999 చట్టంతో బీమా రంగం ప్రైవేటుకి తెరుచుకుంది, 2002 నుంచి బ్యాంకులు కార్పొరేట్ ఏజెంట్లుగా బీమా అమ్మసాగాయి, 2007 జనవరి నుంచి అగ్ని బీమాలో టారిఫ్ రేట్లు తీసేశారు. ఇప్పుడు బ్యాంకుకి రెండు టోపీలు. ఒకటి అప్పిచ్చినవాడి టోపీ, ఇంకోటి ఏజెంటు టోపీ. లోను కాగితాల కట్టలో పెన్ను గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెడుతూ పోతే మధ్యలో బీమా ఫారం కూడా అయిపోతుంది. నాకు అట్నే అయింది.

ఇక మా కాగితం సంగతి. 2017లో పాత స్లాబు ఇంటిని బాగుచేసి, పైన గదులు వేయడానికి 9 లక్షలు అప్పు తీసుకున్నాను. బ్యాంకు బీమా కూడా 9 లక్షలకే చేయించింది. ఎందుకంటే దానికి పోయేది 9 లక్షలే. మొత్తం ఇల్లు 1,200 చదరపు అడుగులు. మళ్ళీ కట్టాలంటే మా వైపు మేస్త్రీ లెక్కలో అడుగుకి 1,800. అంటే 21 లక్షల 60 వేలు. ఇంటి బీమాలో కావాల్సిన విలువ ఇది. అప్పు మొత్తం కాదు, రిజిస్ట్రేషన్ విలువ కాదు, స్థలంతో కలిపిన అమ్మకం ధర అసలే కాదు. స్థలాన్ని వరద మోసుకుపోదు కదా!

21.60 లక్షల ఇంటికి 9 లక్షల బీమా ఉంటే, 4 లక్షల నష్టానికి ఎంత రావాలి? నేనైతే "4 లక్షలు, 9 కంటే తక్కువేగా" అనుకున్నాను. కాదట. పాత అగ్ని పాలసీల్లో 'యావరేజ్ క్లాజు' అని ఒక షరతు ఉంటుంది. ఇంటి విలువలో ఎంత భాగానికి బీమా చేశావో, నష్టంలో కూడా అంత భాగమే ఇస్తారు. మిగతా భాగానికి నీకు నువ్వే బీమా కంపెనీ. 9 ని 21.6 తో భాగిస్తే 41.67 శాతం. 4 లక్షల్లో అంత అంటే 1,66,667. సముద్ర బీమాలో ఈ సూత్రం నేరుగా చట్టంలోనే ఉంది (బ్రిటన్‌లో 1906, మన దేశంలో 1963). అగ్ని బీమాలో పాలసీ షరతుగా చేర్చుకున్నారు. కోపం తగ్గాక ఆలోచిస్తే అన్యాయం అనిపించలేదు. సగం విలువకి ప్రీమియం కట్టినవాడికి పూర్తి నష్టం ఇస్తే, పూర్తి ప్రీమియం కట్టినవాడు పిచ్చివాడవుతాడు. కాకపోతే ఆ సగం విలువని నేను ఎంచుకోలేదు, నా తరఫున ఇంకొకరు ఎంచారు.

ఇంకో క్లాజు 'అగ్రీడ్ బ్యాంక్ క్లాజు'. దీని సారాంశం: క్లెయిము డబ్బు బ్యాంకుకే చెల్లిస్తారు, బ్యాంకు ఇచ్చిన రసీదుతో బీమా కంపెనీ బాధ్యత తీరిపోతుంది. మా 1,66,667 అలా నేరుగా లోను ఖాతాలో పడింది. అప్పు తగ్గింది, అబద్ధం చెప్పను. కానీ కూలిన ప్రహరీ, కుంగిన గచ్చు, పాడైన వైరింగు అలాగే ఉన్నాయి. మేస్త్రీ అసలు తగ్గించుకోమంటే ఒప్పుకోడుగా. ఇంట్లో సామానుకి ఆ పాలసీలో పైసా లేదు. ఫ్రిజ్జు, మంచాలు, నానిపోయిన 12 బస్తాల వడ్లు మా ఖాతాలోనే. అమ్మ గాజులు మళ్ళీ కుదవకి వెళ్ళాయి, ఈసారి గోల్డు లోనుకి. 1989 నుంచి 2021 దాకా 32 ఏళ్ళు. నేను కంప్యూటర్లు చదివి, జీతం సంపాదించి, ప్రీమియం కట్టాక కూడా మా ఇంటి అసలైన బీమా అమ్మ చేతికే ఉంది. ఆ సంగతి మాత్రం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

బ్యాంకు మోసం చేసిందని అనను. డిపాజిటర్ల డబ్బు అప్పిచ్చింది, దానికి కాపు పెట్టుకుంది. ఆ మేరకు సబబే. కానీ అది అప్పుకి బీమా, ఇంటికి కాదు. ప్రీమియం కట్టింది నేను. గణపతిదేవుడి ముందరి రాజులకీ ఒడ్డుకొచ్చిన సరుకు మీద ఏదో ఒక హక్కు కాగితం ఉండే ఉంటుంది! తేడా ఏమిటంటే, నేను ఓడ ఎక్కకముందే సంతకం పెట్టాను.

2021 ఏప్రిల్ 1 నుంచి ఒక మంచి మార్పు వచ్చింది. ఇళ్ళకి అన్ని కంపెనీలూ 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీ ఇవ్వాలని ఐ.ఆర్.డి.ఎ.ఐ. నిర్ణయించింది. ఇందులో బీమా మొత్తం లెక్క సూటిగా ఉంటుంది: కార్పెట్ ఏరియాని నిర్మాణ ఖర్చుతో గుణించడమే. కొలతలూ వివరాలూ నిజం చెప్తే యావరేజ్ కోత ఉండదు. ఇంటి బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతటదే పెరుగుతుంది. సామానుకి ఇంటి మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, అదనంగా అడగకుండానే వస్తుంది. తుఫాను, వరద, సునామీ, భూకంపం అన్నీ మూలంలోనే ఉన్నాయి. పాత టారిఫ్‌లో తుఫాను-వరద భాగాన్ని తీసేసి ప్రీమియం తగ్గించుకునే వీలుండేది, భూకంపం విడిగా కొనాల్సి వచ్చేది. సముద్రం ఒడ్డున వరద తీసేసిన పాలసీ అంటే గొడుగు ఇంట్లో పెట్టి వానలో తిరిగినట్టే. మా దురదృష్టం, మాది 2017 నాటి కాగితం. కొత్త నమూనా వచ్చిన ఏడు నెలలకి వరదొచ్చింది, మా పాలసీ పాత షరతులతోనే నడుస్తోంది.

అందుకని మీ దగ్గర బ్యాంకు ఇచ్చిన ఇంటి బీమా ఉంటే, కాగితం తీసి ఈ సంగతులు చూడండి. ముందు అది ఇంటి బీమానా, మీ ప్రాణానికి చేసిన బీమానా? లోనుతోపాటు వచ్చే జీవిత బీమాని ఇంటి బీమా అనుకునేవాళ్ళు మా ఊళ్ళోనే బోలెడుమంది. తర్వాత, మొత్తం ఎంత? అప్పుతో పోల్చకండి, మేస్త్రీ లెక్కతో పోల్చండి. వరద, తుఫాను ఉన్నాయా? సామాను ఉందా? యావరేజ్ షరతు ఉందా? లోను తీరాక ఆ పాలసీ ఉంటుందా, పోతుందా? చివరగా, చెక్కు ఎవరి పేరు మీద వస్తుంది? లోను ఉన్నంతకాలం బ్యాంకు పేరు పాలసీలో ఉండటం తప్పదు. కానీ ఇల్లు మొత్తానికి విలువ కట్టి చేయిస్తే, బ్యాంకు తీసుకోగా మిగిలేది మీకుంటుంది. బ్యాంకు అమ్మిన పాలసీయే కొనాలని కూడా లేదు, బయట కొని బ్యాంకు పేరు చేర్పించవచ్చు.

మేము 2023లో మిగిలిన అప్పు తీర్చేసి కొత్త పాలసీ తీసుకున్నాం. ఇల్లు మొత్తానికి, సామానుతో సహా. ఏడాదికి వెయ్యి రూపాయలకి అటూ ఇటూ పడింది. దీనికోసం ఇన్నేళ్ళు ఆగామా అని సిగ్గేసింది. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఆ కాగితాన్ని నాయనకి చదివి వినిపించాను. ఆయన అంతా విని ఒకటే అడిగాడు:

"అబ్బయా, ఈసారి చెక్కు ఎవురి పేరు మీద వస్తాది?"

"నీ పేరూ నా పేరూ నాయనా."

"అయితే బీరువాలో పెట్టు" అన్నాడు. అమ్మ గాజులు విడిపించి తెచ్చింది కూడా ఆ అరలోనే ఉన్నాయి.